ఇరవై ఎనిమిదో నిమిషం

ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి నేను కార్ల మెకానిక్ వెండెలిన్ హాగ్ షెడ్డు ముందు కారు ఆపాను. పది గంటలకు మార్కెట్ చౌకు నుంచి పాత కార్ల సంఘం వాళ్ళ ఊరేగింపు బయల్దేరుతుంది. మొత్తం ఇరవై మూడు కార్లు. పదకొండో నంబరు మా నాన్నది.

నా చేతిలో ఉన్నది యాభై నిమిషాలు. ఆలోగా ఒక్క రుజువు దొరకబుచ్చుకోకపోతే, ఆల్విన్ స్టేబ్లర్ పోయిన దారినే మా నాన్న కూడా పోవచ్చు. ఇరవై రెండేళ్ళుగా క్రైమ్ పోలీసులో ఉన్నాను. శవాలను చూసి భయపడటం ఎప్పుడో మానేశాను. కానీ ఆ పూట స్టీరింగ్ మీద నుంచి నా వేళ్ళు ఊడి రావడానికి కాస్త టైము పట్టింది. భయమేసింది, అంతే. దాచుకోవడానికి ఏముంది.

ఆల్విన్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, గడియారం స్ప్రింగుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. 1966 నాటి బూడిదరంగు బీటిల్ కారుని పెళ్ళాం కంటే ఎక్కువ తుడిచేవాడు. ఏడాదిలో కొన్ని నెలలకే చెల్లే సీజను నంబరు ప్లేటున్న బండి మా దగ్గర చలికాలమంతా రోడ్డెక్కకూడదు. ఏప్రిల్ ఒకటిన మళ్ళీ దానికి ప్రాణం వస్తుంది. ఆ రోజు తెల్లారగానే బండి బయటికి తీయనివాణ్ణి సంఘంలో మనిషి కింద లెక్కేయరు. ఆల్విన్ ఏడూ అయిదుకి ఇల్లు వదిలాడు. ఏడుంబావుకి బేకరీలో వెన్న రాసిన మెలిక రొట్టెలు, బ్రెట్సెల్‌లు రెండు కొని, ఉప్పు తగ్గిందని బేకరీ ఆవిడతో అయిదు నిమిషాలు తగువు పెట్టుకున్నాడు. ఏడూ ఇరవైకి అక్కణ్ణించి కదిలాడు. ఏడూ నలభై ఎనిమిదికి, వంపన్నదే లేని రోడ్డు మీద, బ్రేకు వేసిన గుర్తయినా లేకుండా వెళ్ళి లిండెన్ చెట్టుకి గుద్దుకున్నాడు.

ఇంటి డాక్టరు గుండె ఆగిందని రాశాడు. ట్రాఫిక్ అధికారి లోథార్ బినిగ్ ఆ కాగితం చూసి ఫైలు కట్టేసి, నుజ్జయిన కారుని హాగ్ షెడ్డుకి తోలేశాడు. దహనానికి ముందు రెండో డాక్టరు శవాన్ని చూసి తీరాలన్న చట్టం ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నిజం కూడా ఆల్విన్‌తో పాటే బూడిదయ్యేది. దహనశాల డాక్టరమ్మ ఆల్విన్ ఒంటి మీద గులాబీరంగు మచ్చలు చూసి, రక్తం పరీక్షకి పంపింది. శనివారం ఉదయం ఫలితం వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్, పొగలో ఉండే విషవాయువు, నలభై ఆరు శాతం. చెట్టుకి గుద్దుకునే సరికే ఆల్విన్‌కి స్పృహ లేదన్నమాట.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, బయట పెట్టకూడని ఈ సంగతి నేను నాన్నకి చెప్పేశాను. ఆయన బీటిల్ కూడా ఈ చలికాలం హాగ్ షెడ్డులోనే విప్పి బిగించుకుంది. రేపటి ఊరేగింపుకి వెళ్ళొద్దు నాన్నా అని బతిమాలాను. నాన్న చెంచా కింద పెట్టి, ఆల్విన్ ఎన్ని నిమిషాలకి పోయాడని మాత్రం అడిగాడు. బేకరీ నుంచి ఇరవై ఎనిమిది అన్నాను. కోటు తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదాననుకున్నాను.

షెడ్డు ముందు బినిగ్ నాకంటే ముందే దిగి ఉన్నాడు. యూనిఫారం ఇస్త్రీ నలగలేదు, మెడలో సంఘం వాళ్ళ టై. ఆయన ఆ సంఘానికి ఉపాధ్యక్షుడు కూడా. మా ఇద్దరిదీ ఒకే హోదా, ఒకే బ్యాచి. పోలీసు స్కూల్లో మొదలైన పోటీ ఇంకా చల్లారలేదు.

"ఇంకా నిద్ర పట్టడం లేదా రోస్వితా?" అన్నాడు. "ఆల్విన్ గ్యారేజీ తలుపులు మూసి ఇంజన్ వేడి చేసుకున్నాడు. పొగ పీల్చాడు. ముసలివాళ్ళు చేసే పనే. దానికి ఊరంతా ఆపాలా?"

"ప్రతి ఏడూ సంఘంలో ఉపన్యాసం ఇచ్చేది నువ్వే కదా లోథార్. స్టార్టు చేశాక నిలబెట్టినవాడి ఇంజన్ పాడైపోతుంది, తిప్పిన వెంటనే కదలాలి అని. ఏళ్ళ తరబడి అది విన్నవాడు గ్యారేజీలో కూర్చుని ఇంజన్ వేడి చేస్తాడా?"

ఆయన టై సర్దుకున్నాడు. నేను వదల్లేదు. నలభై ఆరు శాతం విషం ఎక్కినవాడు బేకరీలో నిలబడి ఉప్పు గురించి అయిదు నిమిషాలు తగువాడగలడా అని అడిగాను. బేకరీ దగ్గర బాగున్నవాడు చెట్టు దగ్గర పోయాడంటే, విషం ఆ ఇరవై ఎనిమిది నిమిషాల్లోనే కారులోకి వచ్చింది. ఆ కారు సిద్ధం చేసిన షెడ్డు నుంచే ఇంకో ఏడు బళ్ళు ఈ రోజు రోడ్డెక్కుతున్నాయి.

"వస్తువు చూపించు. ఇదిగో ఇదని వేలు పెట్టి చూపించు, నేనే విజిల్ ఊది ఆపుతాను. లేదంటే మేయరుకీ, బ్యాండు మేళానికీ ఏమని చెప్పమంటావు, క్రైమ్ అమ్మగారికి పీడకల వచ్చిందనా?"

ప్రాసిక్యూటరు కూడా ఫోనులో ఇంచుమించు అదే అన్నాడు, కాస్త మర్యాదగా. మరో దారి లేక నేను షెడ్డులోకి నడిచాను.

హాగ్ లోపల బల్లకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తలుపు నిండేంత మనిషి. నా చిన్నప్పుడు నన్ను టైర్ల మీద కూర్చోబెట్టి మిఠాయి ఇచ్చినవాడు. ఆయన చేతులు ఆ రోజు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆదివారమే కావచ్చు, కానీ హాగ్ చర్చికైనా గ్రీజు చేతులతోనే పోతాడని ఊరంతా నవ్వుకుంటుంది. ఆల్విన్ బండి ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను. లేదన్నాడు. వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉందా అన్నాను. అలాగే ఉందన్నాడు. రెండుసార్లూ నా మొహం చూడకుండా నా బూట్లకే చెప్పాడు.

కారు ముందుభాగం కుండపెంకులా నలిగింది గానీ వెనక భాగం చెక్కు చెదరలేదు. అద్దాలు నాలుగూ బిగించి ఉన్నాయి. హ్యాండ్‌బ్రేకు పక్కన ఎర్ర గుండీ ఉన్న హీటరు పుల్ల పూర్తిగా పైకి లేచి ఉంది. అంటే ఆల్విన్ హీటరు మొత్తం తెరుచుకుని నడిపాడు. ఏప్రిల్ ఒకటిన తెల్లారి మా కొండల మీద రెండు డిగ్రీలే.

చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని వెనక ఇంజన్ కిందికి జరిగాను. నేను ఇలాంటి కార్ల కిందే పెరిగాను కాబట్టి ఎక్కడ చూడాలో తెలుసు. ఈ బళ్ళలో నీళ్ళ రేడియేటరు ఉండదు. ఇంజన్‌కి రెండు పక్కలా రెండు రేకు పెట్టెలుంటాయి. పెట్టె మధ్యలోంచి పొగగొట్టం పోతుంది. దాని చుట్టూ తిరిగిన గాలి వేడెక్కి డ్రైవరు కాళ్ళ దగ్గరికి వస్తుంది. లోపలి గొట్టానికి వెంట్రుకంత పగులొచ్చినా చాలు, వెచ్చటి గాలితో పాటు విషం కూడా వస్తుంది. దానికి వాసన ఉండదు. ముందు మనిషికి మతి తప్పుతుంది, తర్వాత హాయిగా ఉందనుకుంటూనే పోతాడు.

టార్చి వేశాను. హీటరు పెట్టెలు రెండూ కొత్తవి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎక్కడా పగులు లేదు.

నేను పొరబడ్డానా అనుకున్నాను. పైన బినిగ్ గడియారం చూసుకుంటూ, తొమ్మిదీ నలభై నాలుగు, అని పాటలా చెబుతున్నాడు. అప్పుడు పెట్టె ఇంజన్‌ని కలిసే చోట వేసిన వాషరు కనిపించింది. ఒక్కసారి ఇంజన్ నడిస్తే పొగ వేడికి ఆ వాషరు మాడి నీలంగా, తర్వాత బొగ్గులా అవుతుంది. ఇది కొత్త పైసాలా మెరుస్తోంది. ఈ పెట్టెలు బిగించాక ఈ ఇంజన్ ఒక్క నిమిషం కూడా నడవలేదు. అంటే ఇవి ఆల్విన్ చచ్చిన తర్వాత బిగించినవి.

ఇంకోటి కూడా కనిపించింది. ప్రతి నట్టు మీద నుంచి పెట్టె మీదికి సన్నటి తెల్లరంగు గీత ఉంది. నట్టు వదులైతే గీత విరిగి తెలిసిపోతుందని మెకానిక్కులు అలా గీస్తారు, సగం ఊరు గీస్తుంది. కానీ ఈ గీతలు కుడి నుంచి ఎడమకి సన్నబడుతున్నాయి. ఎడంచేత్తో కుంచె పట్టినవాడు గీసినవి. ఆ వాలు నాకు తెలుసు. మా ఇంట్లో సైకిలు నట్ల మీద, కుట్టుమిషను మీద, నా స్కూలు డెస్కు మీద చూస్తూ పెరిగిన వాలు అది. టార్చి ఆర్పేశాను.

నేను ఆ సంగతి బినిగ్‌కి చెప్పలేదు. ఇరవై రెండేళ్ళలో కళ్ళారా చూసినదాన్ని దాచడం అదే మొదటిసారి.

వాషరు సంగతి మాత్రం చెప్పాను. బినిగ్ నన్ను నమ్మక, ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద పడుకుని తనే చూశాడు. లేచేసరికి వీపు నిండా మసి, మొహంలో వెటకారం లేదు. ఆ వంకర బుద్ధిలో ఒక మంచి ఉంది, కారు చెప్పే మాటకి మాత్రం ఎదురు చెప్పడు. వాకీటాకీ తీసి చౌకులో ఉన్న తన పోలీసుకి ఒక్క బండీ కదలకూడదని చెప్పాడు. టైము తొమ్మిదీ యాభై ఆరు.

నాకు ఊపిరి వచ్చింది. నట్ల మీద గీత ఎవరిదైనా తర్వాత చూసుకోవచ్చు, ముందు నాన్న చౌకులో క్షేమంగా ఆగిపోయాడు కదా అనుకున్నాను. నాలుగు నిమిషాల తర్వాత వాకీటాకీలో గొంతు వినిపించింది.

"ఇరవై రెండు బళ్ళు ఆపాం సార్. పదకొండో నంబరు అసలు రాలేదు."

ఇంటికి ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. నాన్నకి సెల్లు లేదు, ఉండదు. వెనక్కి తిరిగేసరికి హాగ్ ఒక టైరు మీద కూలబడి, ఆ శుభ్రమైన చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఆల్విన్ పాత పెట్టెలు ఎవరు విప్పారు హాగ్ గారూ?" అన్నాను.

"నీకు తెలిసిపోయింది కదా అమ్మాయ్. గీతలు చూశావు."

బినిగ్ నా వంక తిరిగాడు. నేను ఆయన వంక చూడలేదు.

హాగ్ చెప్పింది ఇదీ. కొత్త హీటరు పెట్టెలు బజార్లో దొరుకుతాయి, పదేళ్ళు నిక్షేపంగా పనిచేస్తాయి. కానీ వాటి మీద 66 ముద్ర ఉండదు. పోటీల్లో అద్దం పెట్టి బండి కిందికి చూసే జడ్జీలున్నారు, ఆ ముద్ర లేకపోతే పెదవి విరుస్తారు. అందుకని ఆల్విన్, కారు పుట్టినప్పటి పెట్టెలే కావాలని పట్టుబట్టాడు. తుప్పు తిన్న లోపలి గొట్టాలకి అతుకేసి, పైన రేకు మళ్ళీ మూయాలి. అంత సన్నపని ఈ చుట్టుపక్కల చేయగలిగినవాడు ఒక్కడే. బాయిలర్ల ఫ్యాక్టరీలో నలభై ఒక్కేళ్ళు వెల్డరుగా చేసిన గోట్లీబ్ షెంప్. మా నాన్న. చలికాలం కాలక్షేపానికి ఆ జత ఇంట్లోనే చేసి ఇచ్చాడు. ఆల్విన్‌దొక్కటే, ఇంకెవరికీ చేయలేదు.

"నిన్న మధ్యాహ్నం వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పెట్టెలు విప్పాలి అన్నాడు. విప్పి, గాలి పట్టి, నీళ్ళ తొట్టిలో ముంచాం. ఒక్క బుడగ రాలేదు. నాలుగుసార్లు ముంచాడు. చల్లగా ఉన్నప్పుడు చెప్పదు వెండెలిన్, వేడెక్కితే నోరు తెరుస్తుంది అన్నాడు."

"వేడి చేసి చూడ్డానికి మీ దగ్గర మంట లేదా?"

"నేనూ అదే అన్నాను. ఆల్విన్ ఈ బల్ల మీద చావలేదు, రోడ్డు మీద చచ్చాడు, రోడ్డు మీదే చూడాలి అన్నాడు. తన చెయ్యి తప్పు చేసిందో లేదో ముందు తనకి తెలియాలట. తెలిశాకే నీ దగ్గరికి వస్తాడట."

"ఆ పెట్టెలు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

అడిగాను గానీ, జవాబు నా ఒంట్లో అప్పటికే పాకిపోయింది.

"ఆయన బండికి బిగించుకున్నాడు. ఆల్విన్ కారుని నోరు తెరిచి వదిలేయకూడదని దానికి కొత్తవి వేసి మరీ వెళ్ళాడు. నన్ను తిట్టు అమ్మాయ్, కొట్టు. అద్దమైనా దించుకో గోట్లీబ్ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆల్విన్ దించుకోలేదు కదా అన్నాడు. పన్నెండింటి దాకా నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

అంతసేపూ నేను భయపడింది ఎవరో చేసిన పనికి నాన్న బలవుతాడని. ఆ పని చేసిందే నాన్న. దాన్ని తన బండికే తగిలించుకుని ఆల్విన్ దారిలో వెళ్ళేట్టు చేసింది నేను. ఇరవై ఎనిమిది నిమిషాలని ఆయన చేతికి ఇచ్చింది నా నోరే.

బినిగ్ అప్పటికే అంబులెన్సుకి చెబుతున్నాడు. చెట్టు రోడ్డు ఊరేగింపు కోసం తొమ్మిదింటి నుంచే మూసేశారు. ఊరేగింపు కార్డు అద్దానికి అంటించుకున్న బండిని మాత్రమే లోపలికి వదులుతారు. అంటే ఆ రోడ్డు మీద ఈ రోజు నాన్న తప్ప పురుగు కూడా లేదు. పక్కకి ఒరిగితే చూసేవాడు ఉండడు. అడ్డుకట్ట దగ్గరున్న పోలీసుని బినిగ్ తనే తన కారులో దింపి వచ్చాడు, వెంటపడటానికి వాడికి సైకిలు కూడా లేదు.

హాగ్ బల్ల సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. పన్నెండింటికి నాకు ఇవ్వమన్నాడట. స్కేలు పెట్టి గీతలు కొట్టిన కాగితం. బాయిలర్ ఫ్యాక్టరీలో నాన్న నలభై ఒక్కేళ్ళు నింపిన పరీక్ష పత్రాల్లాగే ఉంది, అవే గుండ్రటి అక్షరాలు.

పరీక్షించే వస్తువు: స్టేబ్లర్ కారు హీటరు పెట్టెలు, ఒక జత. అతుకు వేసినవాడు: గోట్లీబ్ షెంప్. హీటరు: పూర్తిగా తెరిచి. అద్దాలు: నాలుగూ మూసి. బేకరీ నుంచి బయల్దేరడం: 9.50. లిండెన్ చెట్టు: 10.18.

దాని కింద 'ఫలితం' అని రాసి ఒక ఖాళీ గడి, 'సంతకం' అని ఇంకో ఖాళీ గడి. అట్టడుగున పెన్సిలుతో రెండు వాక్యాలున్నాయి.

'నేను తిరిగి వస్తే నేను నింపుతాను. రాకపోతే మా అమ్మాయి రోసీ నింపాలి, తప్పు నాదని రాయాలి, హాగ్‌ది కాదు.'

నేను చదువుతుండగానే వాకీటాకీలో అడ్డుకట్ట దగ్గరి పోలీసు దొరికాడు. పదకొండో నంబరు చూశావా అని బినిగ్ అరిచాడు.

"చూశాను సార్, ఇప్పుడే వదిలాను. షెంప్ గారే కదా. టైమెంత అని అడిగాడు, పదీ ఏడు అని చెప్పాను." గొంతు ఒక్క క్షణం తడబడింది. "థాంక్స్ చెప్పి, మళ్ళీ టైమెంత అని అడిగాడు సార్. మూడోసారి కూడా అడిగాడు. తన చేతికి వాచీ ఉంది."

హాగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బినిగ్ తన కారు దగ్గరికి పరుగెత్తి, నా కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు.

గోడ గడియారంలో పదీ తొమ్మిది. ఇక్కణ్ణించి చెట్టు పద్నాలుగు కిలోమీటర్లు, అంతా కొండ దారి. కాగితం చేతిలోనే ఉండిపోయింది. దాన్ని మడవకుండానే పరుగెత్తాను.